పాత పానా పుట్టిన ఏడు: అమెరికా పేటెంట్ ఆర్కైవుపై ఒక వినియోగదారుని సమీక్ష

మసాచుసెట్స్ రాష్ట్రంలోని బ్రిమ్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్లో ఏడాదికి మూడుసార్లు, మే, జూలై, సెప్టెంబరు నెలల్లో, పాత సామాన్ల సంత జరుగుతుంది. 1959లో మొదలైన ఆ సంతలో, రోడ్డుకు ఇరువైపులా పొలాల్లో వేసిన డేరాల కింద, కుర్చీలు, గడియారాలు, పింగాణీ పాత్రల నడుమ ఇనప పనిముట్ల బల్లలు కూడా కనిపిస్తాయి. రెండేళ్ల కిందట అక్కడ ఒక బల్ల మీద 12 అంగుళాల మంకీ స్పానర్ (ఒక దవడను మరతో జరిపే పాత రకం పానా, అమెరికాలో మంకీ రెంచి అంటారు) ఒకటి నా కంట పడింది. దానికి కట్టిన చీటీ మీద "1841" అని, ఆ కింద 65 డాలర్లు అని రాసి ఉంది. స్పానర్ బద్ద మీద మాత్రం తుప్పు చాటు నుంచి "కోస్ రెంచ్ కంపెనీ, వూస్టర్, మాస్" అన్న అక్షరాలు కనిపిస్తున్నాయి. ఈ రెండూ పొసగవు. వూస్టర్‌కు చెందిన లోరింగ్ కోస్‌కు 1841 ఏప్రిల్ 16న 2,054వ నంబరు పేటెంటు వచ్చిన మాట నిజమే కానీ, "కోస్ రెంచ్ కంపెనీ" అన్న పేరుతో సంస్థ ఏర్పడింది 1888లో. చీటీ మీది ఏడాదికీ, ఆ ఇనుము కొలిమిలో కాలిన ఏడాదికీ మధ్య కనీసం 47 ఏళ్ల ఎడం ఉందన్నమాట. అమ్మేవారిని అడిగితే, పేటెంటు వెతికితే ఆ ఏడాదే వచ్చిందని ఎంతో నమ్మకంగా చెప్పారు. ఆయన వెతికిన చోటు సరైనదే. దొరికిన జవాబు దేనికి జవాబో మాత్రం ఆయన చూసుకోలేదు.

నేను సమీక్షించదలచినది ఆ వెతికే చోటునే. అమెరికా పేటెంట్ కార్యాలయం ప్రజలకు ఉచితంగా అందిస్తున్న పేటెంట్ పబ్లిక్ సెర్చ్, అవే పత్రాలను మరింత సులువుగా తెరిచే గూగుల్ పేటెంట్స్, పనిముట్లకూ యంత్రాలకూ సంబంధించిన పేటెంట్లను, ప్రధానంగా అమెరికన్ పేటెంట్లను, ఔత్సాహికులు ఏర్చి కూర్చిన డేటాంప్ అనే సూచిక, ఈ మూడింటినీ కలిపి ఒకే సేవగా చూస్తున్నాను. మూడింటికీ మూలం ఒకటే పత్రరాశి. దేనికీ ఒక్క డాలరు కూడా చెల్లించనక్కర లేదు. ఆరేళ్లుగా, నా దగ్గరికి చేరిన ముప్పైకి పైగా పాత స్క్రూ స్పానర్ల, పైపు పానాల వయసు తేల్చడానికి వీటినే వాడుతున్నాను. పనిముట్టు మీద పూర్తి పేటెంటు నంబరు ఉంటే ఈ సేవకు అయిదుకు అయిదు మార్కులు ఇస్తాను. సగం అరిగిన తేదీ మాత్రమే ఉంటే మూడు ఇస్తాను. పనిముట్టు అమెరికాది కాకపోతే దీనిని నమ్ముకుని కూర్చోవద్దని చెబుతాను. ఈ తేడాకు కారణాలేమిటో వివరించడమే ఈ సమీక్ష ఉద్దేశం.

ముందుగా నంబర్ల సంగతి. అమెరికాలో ఇప్పుడు నడుస్తున్న పేటెంటు వరుస 1836 జూలైలో ఒకటవ నంబరుతో మొదలైంది. అంతకుముందు ఇచ్చిన పేటెంట్లకు నంబర్లు లేవు. పైగా 1836 డిసెంబరు 15న పేటెంట్ కార్యాలయం తగలబడినప్పుడు ఆ పాత పత్రాలు దాదాపు పదివేల దాకా బూడిదయ్యాయి. ఆ తర్వాత తిరిగి సంపాదించగలిగిన కొన్నింటికి వాటి నంబరు పక్కన ఎక్స్ అనే గుర్తు పెట్టి ఆర్కైవులో చేర్చారు. మరతో కదిలే దవడ ఉన్న రెంచికి స్ప్రింగ్‌ఫీల్డ్‌కు చెందిన సోలిమన్ మెరిక్ 1835లో పొందిన పేటెంటు ఆ తొలి తరానికి చెందినది. 1836 తర్వాత మాత్రం నంబరే కాలమానం. 1841లో కోస్‌కు వచ్చినది 2,054. పైపు పానాకు డేనియల్ స్టిల్‌సన్ 1869 అక్టోబరు 12న పొందినది 95,744. పదిలక్షవ పేటెంటు 1911 ఆగస్టు 8న, ఇరవై లక్షవది 1935 ఏప్రిల్ 30న వచ్చాయి. ఈ నాలుగు మైలురాళ్లను గుర్తుంచుకుంటే, సంతలో ఫోను తీయకుండానే, పిడి మీద చదివిన నంబరును బట్టి అది ఏ దశాబ్దానిదో సుమారుగా చెప్పవచ్చు.

నంబరు చేతిలో ఉంటే ఈ సేవ ఎంత బాగా పనిచేస్తుందో ఒక ఉదాహరణ చెబుతాను. ప్రపంచ హెవీవెయిట్ బాక్సింగ్ చాంపియన్ జాక్ జాన్సన్ మంకీ రెంచిని కనిపెట్టాడని, ఆ పేరు ఆయనను అవమానించడానికే పుట్టిందని ఒక కథ చాలాకాలంగా ప్రచారంలో ఉంది. 1,413,121 అని గూగుల్ పేటెంట్స్‌లో కొడితే, 1922 ఏప్రిల్ 18 తేదీతో జాన్ ఆర్థర్ జాన్సన్ పేరున రెంచి పేటెంటు, బొమ్మలతో సహా, ఒక్క నిమిషంలో కళ్ల ముందుకు వస్తుంది. ఆయన నిజంగానే ఒక రెంచికి పేటెంటు పొందారు, అది గౌరవించదగిన విషయం. కానీ మంకీ రెంచి అప్పటికి ఎనభై ఏళ్లకు పైగా వాడుకలో ఉంది, ఆ పేరు కూడా ఆయన పుట్టకముందు నుంచే ఉంది. అక్కడి బొమ్మను, కోస్ పత్రంలోని బొమ్మను పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ వేర్వేరు ఆలోచనలని ఎవరికైనా అర్థమవుతుంది. కోస్ చేసిన మేలు ఏమిటంటే, దవడను కదిపే మరను బద్ద పక్కనే విడిగా అమర్చి, పిడిని పట్టుకున్న చేతి బొటనవేలితోనే దానిని తిప్పగలిగేలా చేయడం. రెండో చేయి నట్టు దగ్గర ఖాళీగా ఉంటుంది. రైలింజను కింద వెల్లకిలా పడుకుని పనిచేసే ఫిట్టరుకు అదెంత పెద్ద సుఖమో, పనిచేసినవారికే తెలుస్తుంది. పేటెంటు పత్రాలను వెతకడంలోని అసలు ఆనందం నాకు ఇక్కడే కనిపిస్తుంది. తేదీ కోసం వెళ్లినవాడికి, ఆ పనిముట్టు ఎందుకు అలా ఉందో దాన్ని తయారుచేసినవాడి మాటల్లోనే దొరుకుతుంది.

ఇక నంబరు లేకుండా తేదీ మాత్రమే ఉన్న పనిముట్ల విషయానికి వద్దాం. నా దగ్గర ఉన్నవాటిలో ఎక్కువ భాగం ఇవే. ఇందుకు కారణం చట్టంలోనే ఉంది. పేటెంటు ఉన్న వస్తువు మీద ఆ సంగతి ముద్రించాలని 1842 చట్టం చెప్పింది. ఆ తర్వాత చాలా దశాబ్దాల పాటు ముద్రించవలసినది తేదీనే. 1927లో వచ్చిన సవరణతో తేదీకి బదులు నంబరు వేయడం మొదలైంది. కాబట్టి కేవలం "పాట్." (పేటెంటుకు పొట్టి రూపం) అన్న మాట, నెల, రోజు, ఏడాది ఉన్న స్పానర్ వెనక ఉన్న పేటెంటు 1927కు ముందుదని, ఏడంకెల నంబరు ఉన్నది సాధారణంగా ఆ తర్వాతి ముద్ర అని ఒక తొలి అంచనాకు రావచ్చు. వేల రూపాయలు పెట్టి ఏ పుస్తకమూ కొననక్కర లేకుండా, ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు, సంత బల్ల మీది సరుకు సగానికి సగం రెండు కుప్పలుగా విడిపోతుంది.

తేదీ పూర్తిగా కనిపిస్తే, పేటెంట్ కార్యాలయపు సెర్చ్‌లో జారీ తేదీని ఇచ్చి, పనిముట్ల వర్గాన్ని జోడించాలి. పాత అమెరికన్ వర్గీకరణలో చేతి పనిముట్లది 81వ తరగతి. ఇప్పటి వర్గీకరణలో రెంచులు, స్పానర్లు బి25బి 13 కింద ఉంటాయి. అందులో కదిలే దవడలు ఉన్నవాటికి 13/10 నుంచి విభాగాలు ఉన్నాయి. పళ్లబద్దతో గానీ వార్మ్ మరతో గానీ జరిగేవి 13/14లోనూ, మర లేదా నట్టుతో జరిగేవి 13/16లోనూ కనిపిస్తాయి. ఆ రోజున జారీ అయిన వందలాది పత్రాలు ఇలా వడకట్టాక చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని మిగులుతాయి. వాటి బొమ్మలను చేతిలోని వస్తువుతో పోల్చుకోవడమే తరువాయి. డేటాంప్‌లో అయితే ఈ ఏరివేత ముందే జరిగి ఉంటుంది. తయారీదారు పేరు, కొన్నిసార్లు నిజమైన పనిముట్టు ఫోటో కూడా ఉంటాయి. అందుకే నేను ముందు డేటాంప్ చూసి, అక్కడ దొరకనప్పుడు మాత్రమే కార్యాలయపు సెర్చ్‌కు వెళతాను. ఏ ప్రభుత్వ జీతమూ లేకుండా ఇంత పని చేసి పెట్టిన ఆ ఔత్సాహికుల పట్ల నాకు నిజమైన కృతజ్ఞత ఉంది.

మాటలతో వెతకడం మాత్రం ఈ సేవలో బలహీనమైన భాగం. 1976 నుంచి వచ్చిన పేటెంట్లకు పూర్తి పాఠం ఉంది. అంతకుముందువి అచ్చు పుటల ఛాయాచిత్రాలు. వాటి పాఠం యంత్రం కళ్లతో చదివి తయారుచేసినదే. పాత అచ్చులోని మసకబారిన అక్షరాలను యంత్రం తప్పుగా చదువుతుంది. "రెంచ్" అన్న శీర్షికలోనే ఒక అక్షరానికి బదులు మరొకటి పడి, ఆ పత్రం ఎంత వెతికినా బయటకు రాని సందర్భాలు నాకు ఎన్నో ఎదురయ్యాయి. ఆవిష్కర్త పేరు కూడా ఇలాగే వికృతమవుతుంది. కాబట్టి 1976కు ముందువాటికి నంబరు, తేదీ, వర్గం, ఈ మూడు దారులే నమ్మదగినవి. ఈ సంగతిని కార్యాలయం తన సహాయ పుటల్లో ఇంకా స్పష్టంగా, మొదటి వాక్యంలోనే చెప్పి ఉండవలసింది. కొత్తగా వచ్చినవారు మాటలతో వెతికి, ఏమీ దొరకక, తమ స్పానర్‌కు పేటెంటే లేదని తేల్చేసుకుంటున్నారు.

అరిగిన తేదీలను చదవడంలో ఎంతో ఉపయోగపడే ఒక సూత్రం ఉంది. పందొమ్మిదో శతాబ్ది మధ్య నుంచి అమెరికా పేటెంట్లు మంగళవారం నాడే జారీ అవుతున్నాయి. స్టిల్‌సన్ పేటెంటు వచ్చిన 1869 అక్టోబరు 12 మంగళవారమే, జాన్సన్‌కు వచ్చిన 1922 ఏప్రిల్ 18 కూడా మంగళవారమే. కోస్‌కు వచ్చిన 1841 ఏప్రిల్ 16 శుక్రవారం, ఎందుకంటే అప్పటికి ఈ పద్ధతి లేదు. ఉదాహరణకు, పిడి మీద "జనవరి 1" తర్వాతి అంకె తుప్పుకు పోయి, చివర "1907" అని మాత్రం మిగిలిందనుకుందాం. పది నుంచి పందొమ్మిది వరకు పది తేదీలు సాధ్యమే అనిపిస్తుంది. కానీ ఆ జనవరిలో మంగళవారాలు 1, 8, 15, 22, 29. రెండో అంకె ఉన్న ఆనవాలు కనిపిస్తే అది 15 తప్ప మరొకటి కాలేదు. మన శాసన పరిశోధకులు శక సంవత్సరం, తిథి, వారం మూడూ పొసగుతున్నాయో లేదో గణించి, శిథిలమైన అంకెను పూరించే పద్ధతి ఇదే. శాసనం రాతి మీద ఉంటే ఇది ఇనుము మీద ఉంది. ఒక హెచ్చరిక కూడా అవసరం. కెనడా పేటెంటు తేదీలనూ, మరో దేశపు తేదీలనూ పక్కనే ముద్రించిన స్పానర్లు ఉన్నాయి. వాటికి ఈ మంగళవారపు నియమం వర్తించదు.

చదవడానికి ముందు శుభ్రం చేసే తీరు గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఆర్కైవు ఎంత మంచిదైనా అక్షరం పోతే చేయగలిగింది లేదు. గ్రైండరు, తీగ చక్రం, ఎమరీ గుడ్డ జోలికి వెళ్లవద్దు. ముద్ర లోతు ఒక మిల్లీమీటరులో చిన్న భాగం మాత్రమే ఉంటుంది, తుప్పుతో పాటు అదీ పోతుంది. కిరోసిన్‌లో రెండు రోజులు నానబెట్టి, ఇత్తడి తీగల బ్రష్‌తో మెల్లగా రుద్ది, ఆరాక సుద్దపొడి పూసి, చీకటి గదిలో టార్చిలైటును పక్క నుంచి వాల్చి చూస్తే, ముందు కనిపించని అక్షరాలు లేస్తాయి. అప్పటికీ తేలకపోతే పలుచని కాగితం అద్ది పెన్సిలుతో రుద్దుతాను. ఒకసారి ఒక విక్రేత దగ్గర కొన్న స్పానర్ అద్దంలా మెరుస్తూ వచ్చింది, పేటెంటు ముద్ర ఉండవలసిన చోట నున్నటి ఇనుము తప్ప ఏమీ లేదు. అందం కోసం చరిత్రను అరగదీశారు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఇక అన్నింటికంటే ముఖ్యమైన విషయం. పేటెంటు తేదీ అనేది ఆ వస్తువు తయారైన తేదీ కాదు. ఆ ముద్ర ఉన్న వస్తువు అంతకుముందు తయారు కాలేదని చెప్పే గట్టు మాత్రమే. బ్రిమ్‌ఫీల్డ్ చీటీ రాసినవారు గట్టును చూసి ఏరు అన్నారు. గట్టుకు ఇవతల ఎంత దూరంలో ఏరు ఉందో తేల్చడానికి ఆర్కైవు ఒక్కటే చాలదు. మొదటిది, ఒకటికి మించి తేదీలు ఉంటే చివరి తేదీనే లెక్కలోకి తీసుకోవాలి. రెండోది, పేటెంటు కాలపరిమితి. 1836 చట్టం ప్రకారం 14 ఏళ్లు, 1861 నుంచి 1995 దాకా 17 ఏళ్లు. పరిమితి తీరాక ఆ ముద్ర వేసినా చట్టపరమైన రక్షణ ఉండదు కాబట్టి, చాలావరకు ఆ 17 ఏళ్ల లోపే తయారై ఉంటుందని అనుకోవచ్చు. అయితే ఇది అంచనా మాత్రమే. స్పానర్లను కొలిమి సుత్తి కింద డైలతో, అంటే ఉక్కు అచ్చులతో, పోతపోసినట్టు సాగగొడతారు. ముద్ర ఆ డైలోనే చెక్కి ఉంటుంది. డై తయారీ ఖరీదైన పని. పరిమితి తీరిందని ఎవరూ దానిని మార్చరు, పైగా "పేటెంటెడ్" అన్న మాట కొనేవారికి నమ్మకాన్నిస్తుంది. అందుచేత 17 ఏళ్ల గీతను మెత్తటి గీతగానే చూడాలి.

ఈ గట్టు నియమానికి ఒకే ఒక్క మినహాయింపు ఉంది, అది సేకరణకర్తలకు ఎంతో విలువైనది. "పేటెంట్ పెండింగ్" అనో, "పాట్. అప్లైడ్ ఫర్" అనో ముద్ర ఉన్న స్పానర్, పేటెంటు జారీకి ముందే అంగట్లోకి వచ్చినది. ఒకే నమూనాలో పెండింగ్ ముద్ర ఉన్నది, తేదీ ముద్ర ఉన్నది, నంబరు ముద్ర ఉన్నది, ఏ ముద్రా లేనిది, ఇలా నాలుగు రకాలు దొరికితే, వాటిని వరుసగా పేర్చడానికి అదే తొలి ఆధారం. పెండింగ్ రకం సాధారణంగా తక్కువగా దొరుకుతుంది. తేదీకి, చేతిలోని వస్తువుకు మధ్య ఎడం ఇంత తక్కువగా ఉండే సందర్భం మరొకటి లేదు.

"రెజ్. యు.ఎస్. పాట్. ఆఫ్." అన్న ముద్రను చూసి మోసపోకూడదు. అందులో పేటెంట్ కార్యాలయం పేరు ఉన్నా, అది వాణిజ్య చిహ్నం నమోదైందని మాత్రమే చెబుతుంది. ఆ స్పానర్‌లో ఏ కొత్త ఆలోచనా లేకపోవచ్చు. అలాగే పిడి మీద ఒంటరిగా కనిపించే మూడు, నాలుగు అంకెలు పేటెంటు నంబరు కావు. అవి నమూనా సంఖ్యో, డై సంఖ్యో అయి ఉంటాయి. డిజైను పేటెంట్లది, తిరిగి జారీ చేసిన పేటెంట్లది వేరే వరుస అని గుర్తుంచుకోకపోతే, నంబరు ఒకటి, దొరికిన పత్రం మరొకటి అవుతుంది. ఒక స్పానర్ నంబరుకు గడ్డి కోసే యంత్రం పత్రం దొరికి ఒక పూటంతా తికమకపడ్డాను. తీరా చూస్తే అది డిజైను నంబరు.

ఆర్కైవు చెప్పలేని చోట పేరు, ఊరు చెబుతాయి. కోస్ సోదరులు 1869లో విడిపోయారు. ఎల్. కోస్ అండ్ కంపెనీ అని ఒకటి, ఏ.జి. కోస్ అండ్ కంపెనీ అని మరొకటి నడిచాయి. 1888లో కోస్ రెంచ్ కంపెనీ వచ్చింది. ఆ మూడు పేర్లలో ఏది ఉందో చదివితే చాలు, పేటెంటు తేదీ చెప్పలేనంత సన్నని కాలవ్యవధి దొరుకుతుంది. వూస్టర్‌లో కోస్ పేరుతో ఇప్పటికీ ఒక చెరువు ఉంది. మా ఇంటి నుంచి అరగంట దూరం. ఒకప్పుడు ఆ నీటి ఒడ్డునే వాళ్ల కార్ఖానాలు ఉండేవి. క్రెసెంట్ విషయంలో పేరుకు మరింత బలం. న్యూయార్క్ రాష్ట్రంలోని జేమ్స్‌టౌన్‌లో 1907లో కార్ల్ పీటర్సన్ స్థాపించిన ఆ సంస్థ స్పానర్లు ఎంతగా వ్యాపించాయంటే, అమెరికాలో ఇవాళ ఎవరు చేసిన స్క్రూ స్పానర్‌నైనా క్రెసెంట్ రెంచ్ అనే పిలుస్తారు. "క్రెసెంట్ టూల్ కంపెనీ, జేమ్స్‌టౌన్" అన్న పూర్తి ముద్ర ఉంటే అది సంస్థ చేతులు మారిన 1960కి ముందు కాలానిదని చెప్పడానికి గట్టి ఆధారం. "క్రెస్టోలాయ్" అన్న మాట చేరితే అది మిశ్రమ ఉక్కుతో చేసిన తర్వాతి రకం. ఇక్కడ పేటెంటు కోసం గంటలు వెచ్చించడం దండగ. ఆ తరహా స్పానర్‌కు మూలం, స్వీడన్‌లోని ఎన్‌షోపింగ్‌లో యోహాన్ పెట్టర్ యోహాన్సన్ 1892లో పేటెంటు పొందిన నమూనా. బి.ఏ. యోర్త్ అండ్ కంపెనీ ద్వారా అమ్మిన ఆ స్పానర్లే ఆ పొడి అక్షరాలతో "బాకో" అయ్యాయి. మన దేశంలో తపారియా సంస్థ కూడా స్వీడన్ సాంకేతిక సహకారంతోనే తయారీ మొదలుపెట్టింది. మన వీధి చివరి మెకానిక్ షెడ్డులో గోడకు వేలాడే స్క్రూ స్పానర్ తల ఆకారం ఎన్‌షోపింగ్ నుంచి వచ్చినదే.

స్టిల్‌సన్ పైపు పానా ఇంకో దారి పట్టింది. ఆయన వాల్‌వర్త్ సంస్థలో పనిచేస్తూ, పైపును తిప్పే కొద్దీ పట్టు బిగిసే దవడను ఆలోచించారు. 1869 నాటి పేటెంటు 17 ఏళ్లకు, అంటే 1886లో, పరిమితి తీరింది. ఆయనకు 1876 డిసెంబరు 5న వచ్చిన 184,993వ నంబరు పేటెంటు మరొకటి ఉంది. వాటి పరిమితి తీరాక ఆ ఆకారాన్ని ఎవరైనా తయారు చేయగలిగారు, ఆయన పేరు ఒక రకానికి పేరైపోయింది. మన ఐటీఐ ఫిట్టరు పాఠాల్లో "స్టిల్‌సన్ రకం పైపు రెంచ్" అని చదివే పిల్లలకు అది ఒక మనిషి పేరని ఎవరూ చెప్పరు. పాత పైపు పానా మీద స్టిల్‌సన్ అని ఉందని దానిని వాల్‌వర్త్ వారిదిగా, 1869 నాటిదిగా అమ్ముతున్న ప్రకటనలను నేను చాలా చూశాను. పక్కన తయారీదారు పేరు ఏముందో చదవకుండా ఆ మాటను నమ్మకూడదు.

అమెరికా దాటితే ఈ సేవ చేతులెత్తేస్తుందని మొదట్లోనే అన్నాను. జర్మన్ స్పానర్ల మీద కనిపించే డి.ఆర్.పి. ముద్ర పూర్తి పేటెంటుకు, డి.ఆర్.జి.ఎం. అనేది 1891లో మొదలైన చిన్న తరహా నమోదుకు సంకేతాలు. రెండోదానికి పత్రం దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. బ్రిటిష్ స్పానర్లతో వచ్చే చిక్కు వేరు. అక్కడ 1915 వరకు పేటెంటు నంబర్లు ప్రతి ఏడాదీ ఒకటి నుంచి మళ్లీ మొదలయ్యేవి. 1916లోనే 100,001 నుంచి ఎడతెగని వరుస ప్రారంభమైంది. ఆరంకెల నంబరు ఉంటే పని సులువు. నాలుగైదు అంకెలే ఉండి, పక్కన గీత గీసి ఏడాది వేయకపోతే, అదే నంబరు గల పేటెంటు ప్రతి ఏడాదికీ ఒకటి ఉండవచ్చు. వీటికి యూరోపియన్ పేటెంట్ కార్యాలయం వారి ఎస్పాసెనెట్ వాడాలి. అదీ ఉచితమే. దేశపు గుర్తు, నాలుగంకెల ఏడాది, ఆ వెంటనే అయిదంకెలకు నింపిన నంబరు కలిపి రాస్తే పత్రం తెరుచుకుంటుంది. నంబరు చిన్నదైతే ముందు సున్నాలు చేర్చడం మరచిపోవద్దు. నేను మొదట అది తెలియక చాలా సమయం పోగొట్టుకున్నాను.

ఈ చివరి చిక్కు నాకు సొంతది. మా నాన్నగారు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన ఉద్యోగ విరమణ తర్వాత ఇంటికి తెచ్చుకున్న ఒకే ఒక్క పనిముట్టు, ఆయనకంటే ముందు పనిచేసిన మేస్త్రీ చేతి నుంచి ఆయనకు వచ్చిన తొమ్మిది అంగుళాల స్క్రూ స్పానర్. "దవడ వదులైన పానాతో నట్టు ముట్టుకోకు నాన్నా, మూల అరిగిపోద్ది, తర్వాత ఎవడూ విప్పలేడు" అని ఆయన నాకు చిన్నప్పుడు చెప్పిన మాట ఆ పానా చేతిలో పెట్టి చెప్పినదే. బలం ఎప్పుడూ కదలని దవడ మీద పడేలా పట్టుకోవాలని కూడా ఆయనే నేర్పారు. ఆ పానా కదిలే దవడ ఇప్పటికీ బిగువుగానే ఉంది. దాని మీద తయారీదారు పేరు లేదు. "బ్రిటిష్ మేడ్" అని, "పేటెంట్" అని, నాలుగంకెల నంబరు ఉంది. మొదటి మూడు అంకెలు 874. నాలుగోది సరిగ్గా బొటనవేలు ఆనే చోట పడి, రెండు తరాల వేళ్ల కింద అరిగిపోయింది. సుద్దపొడికీ, పక్కవాటు వెలుగుకూ అది లొంగలేదు. బ్రిటిష్ పేటెంట్లకు మంగళవారపు సూత్రం లేదు, ఏడాది ముద్ర లేదు. 1895 నుంచి 1915 వరకు 21 ఏళ్లు, ఏడాదికి పది నంబర్లు, మహా అయితే 210 పత్రాలు. శీర్షికలతో వెతికినవి ఏవీ సరిపోలలేదు కాబట్టి ఒక్కొక్కటే తెరిచి బొమ్మ చూస్తున్నాను. సైకిలు చైన్లు, గ్యాసు దీపాలు, బూట్ల మేకులు, నూలు మరలు వచ్చాయి. రెండు స్పానర్లు కూడా వచ్చాయి కానీ వాటి మర అమరిక వేరు. ప్రస్తుతం 1904 పూర్తయింది.